కత్తీ కావాలి, కమండలమూ కావాలి

శనివారం రాత్రి తొమ్మిది దాటిందంటే సైబరాబాద్‌లో రాజ్యాంగ సవరణలు మొదలవుతాయి. కొండాపూర్‌లో ఓ త్రీ బీహెచ్‌కే హాలు, నానక్‌రామ్‌గూడలో ఓ గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌసు, మాదాపూర్‌లో ఏదో కేఫు పై అంతస్తు. బల్ల మీద ఇరవై ముఖాల పాచికలు, సగం తిని వదిలేసిన షవర్మాలు, చార్జింగ్‌కి పెట్టిన ల్యాప్‌టాప్‌లు. సవరణ ప్రతిపాదించే సభ్యుడు గొంతు సర్దుకుంటాడు.

“అన్నా, నా పాలడిన్‌కి ఒక్క లెవెల్ వార్లాక్ కలుపుకుంటా. ఒక్కటంటే ఒక్కటే.”

“దేనికిరా?”

“స్టోరీ కోసం అన్నా.”

స్టోరీ కోసమట! ఈ ఐటీ కారిడార్‌లో ఇంతకు మించిన అబద్ధం ఇంకొక్కటే ఉంది. బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇరుక్కున్నవాడు ఫోన్లో చెప్పే “ఐదు నిమిషాల్లో ఉంటా”.

ఆట ఎరగనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. దీని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేస్తే 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి అచ్చయి బయటికొచ్చింది. ఒకడు కథ నడుపుతాడు, వాడు డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం. మిగతావాళ్లు తలో పాత్ర వేస్తారు. ప్రతి పాత్రకీ ఒక క్లాసు. కత్తి పట్టేవాడు ఫైటర్, పుస్తకం బట్టీపట్టి మంత్రం వేసేవాడు విజార్డ్, దేవుడి పేరు చెప్పి గాయాలు మాన్పేవాడు క్లెరిక్, తాళాలు తీసేవాడు రోగ్. పైన వినబడ్డ పాలడిన్ ధర్మం కోసం ప్రమాణం చేసిన కత్తివీరుడు, వార్లాక్ ఏదో శక్తితో ఒప్పందం కుదుర్చుకుని మంత్రాలు తెచ్చుకున్నవాడు. సాహసాల్లో సంపాదించిన అనుభవంతో పాత్ర లెవెల్ పెరుగుతుంది. క్లాసంటే చేతనైన పనుల జాబితా అనుకుంటారు అందరూ. చేతకాని పనుల జాబితా అనుకుంటేనే ఆట అర్థమవుతుంది. విజార్డ్‌కి కవచం చేతకాదు గనకే ఫైటర్ ముందు నిలబడాలి. ఫైటర్‌కి తాళం తీయడం రాదు గనకే రోగ్‌ని వెంటబెట్టుకుని తిరగాలి. ఒకడికి లేనిది ఇంకొకడి దగ్గర ఉండబట్టే నలుగురు ఒక బల్ల దగ్గర కూర్చుంటున్నారు.

ఈ ‘లేనిది’ అన్న మాటే మన ఇంజనీరుకి గిట్టదు. వాడి దృష్టిలో అదొక బగ్. టికెట్ వేసి మూసేయాలి.

2014లో వచ్చిన అయిదో ఎడిషన్ పుస్తకంలో పన్నెండు క్లాసులున్నాయి. రెండేసి కలిపితే 66 జతలు, మూడేసి కలిపితే 220 త్రికాలు. ఇది లెక్కగట్టినవాడు ఆ రాత్రి నిద్రపోడు. అసలు పుస్తకం ఈ కలుపుడుని, అంటే మల్టీక్లాస్‌ని, ఐచ్ఛికం అని చెప్పి, నిర్ణయం డీఎంకి వదిలేసింది. పాత క్లాసుకీ కొత్త క్లాసుకీ కూడా ముఖ్యమైన గుణంలో, అంటే బలం, తెలివి లాంటిదాని అంకెలో, కనీసం 13 ఉండాలన్నది. రెండు క్లాసుల్లోనూ నేర్చిన ‘ఎక్స్‌ట్రా అటాక్’ ఒకదాని మీద ఒకటి పేరుకోదన్నది. అంటే చేయి అడ్డం పెట్టింది. మన సభ్యుడు ఆ చేతిని పక్కకి నెట్టి, గూగుల్ డాక్ తెరిచి, సొంత రూలు, ఆటగాళ్ల మాటలో హోమ్‌బ్రూ, రాస్తాడు. మొదటి సవరణ: 13 అక్కర్లేదు, బ్యాక్‌స్టోరీలో ఉంటే చాలు. రెండో సవరణ: అటాక్‌లు పేరుకుంటాయి, ఎందుకంటే ‘లాజికల్‌గా’ పేరుకోవాలి కదా. మూడోది చదివేసరికి డీఎం గ్లాసులో కోక్ అయిపోతుంది. ఆఫీసులో రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ ఒక్క పేజీ రాయమంటే వెన్ను నొప్పి వచ్చే మనిషి, ఇక్కడ విషయసూచికతో సహా పద్నాలుగు పేజీలు దించుతాడు. వెర్షన్ నంబర్లు, చేంజ్‌లాగ్, పక్కన ఎక్సెల్ షీట్‌లో రౌండుకి ఎంత దెబ్బ పడుతుందో గ్రాఫు. గిట్‌హబ్‌లో పెట్టి పుల్ రిక్వెస్ట్ పంపేవాళ్లూ ఉన్నారు. రివ్యూ చేయాల్సింది మళ్లీ డీఎమ్మే.

ఇంట్లో రూలు రాసుకోవడం తప్పని నేననడం లేదు. ఆట నడక నేర్చిందే అలా. 1974 నాటి చిన్న పుస్తకాల్లో ఎల్ఫ్ ఒక సాహసానికి కత్తివీరుడుగా, ఇంకోదానికి మంత్రగాడుగా మారొచ్చని రాసి, అదెలా జరుగుతుందో సరిగ్గా చెప్పకుండా వదిలేశారు. ఎవరి బల్ల మీద వాళ్లు తేల్చుకోక తప్పలేదు. గొడవ రూలు రాయడంతో కాదు, ఆ రూల్లో ఖర్చు గడి ఎప్పుడూ ఖాళీగా ఉండటంతో.

2017లో ఒక పుస్తకం హెక్స్‌బ్లేడ్ అనే వార్లాక్ శాఖను తెచ్చింది. దాంట్లో ఒక్క లెవెల్ పుచ్చుకుంటే కండబలం లేకుండా, ఉత్త మాటకారితనంతోనే కత్తి తిప్పొచ్చు. మన సభ్యుడి ‘స్టోరీ’ ఇదే. ప్రపంచమంతా అబ్బురపడింది గానీ మన ప్రీసేల్స్ వాళ్లకి ఈ విద్య ఎప్పటినుంచో ఉంది.

ఖర్చు గడి నిండుగా ఉన్న కాలం ఒకటుండేది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తెరవండి. మనిషి జాతి పాత్ర రెండు క్లాసులు పక్కపక్కన నడపడానికి వీల్లేదందులో. మారదలుచుకుంటే మొదటిది ఆపేసి, రెండోదాన్ని ఒకటో లెవెల్ నుంచి, అంటే ఎలుకల్ని కొట్టే దశ నుంచి మొదలుపెట్టాలి. పాత క్లాసు ముఖ్య గుణం 15, కొత్తదానిది 17 ఉండాలి. అసలు చేదుమాత్ర ఆ తర్వాతిది: కొత్త క్లాసులో పాతదాన్ని దాటేదాకా పాత విద్యను బయటికి తీయకూడదు. తీశావో, ఆ సాహసంలో సంపాదించిన అనుభవం సున్నా.

గైగాక్స్ బాలకాండ చదివాడని నేననను. చదివి ఉన్నా ఇంతకన్నా బాగా రాసేవాడు కాదు. కౌశికుడు, అదే మన విశ్వామిత్రుడు, పైస్థాయి ఫైటర్. వెంట అక్షౌహిణి సేన. వసిష్ఠుడి ఆవు మీద కన్నుపడి, అడిగి, లాక్కోబోయి, చావుదెబ్బ తిన్నాడు. శివుడి దగ్గర కొత్త అస్త్రాలు తెచ్చుకుని మళ్లీ వచ్చాడు. వసిష్ఠుడి బ్రహ్మదండం అన్నిటినీ మింగేసింది. అప్పుడు క్లాసు మార్చాడు. ఒకటో లెవెల్ నుంచి. వెయ్యేళ్ల తపస్సు తర్వాత బ్రహ్మ వచ్చి ‘రాజర్షి’ అన్నాడు. ఏమిటది? పాత హోదాకి కొత్తది అతికించి ఇచ్చిన డిజిగ్నేషన్. మనవాడైతే ఆ సాయంత్రమే లింక్డ్‌ఇన్‌లో ‘హంబుల్డ్ అండ్ హానర్డ్’ అని పెట్టేవాడు. కౌశికుడు సిగ్గుతో తలదించుకుని మళ్లీ కూర్చున్నాడు. పోగేసిన తపస్సు త్రిశంకుణ్ణి పైకెత్తడంలో ఖర్చయింది. మేనకతో పదేళ్లు పోయాయి. రంభ వచ్చినప్పుడు కోపం ఆపుకోలేక రాయివై పడుండమని శపించాడు. కోపం క్షత్రియుడి క్లాస్ ఫీచర్. పాతది బయటికి తీశాడు, కూడబెట్టిన అనుభవం సున్నా అయింది. 1978 రూలు పొల్లుపోకుండా అమలైంది.

చివరికి బ్రహ్మర్షి అయ్యాడు. అప్పుడైనా బ్రహ్మ సంతకంతో సరిపెట్టుకున్నాడా? వసిష్ఠుడి నోట ఆ మాట వచ్చేదాకా ఊరుకోలేదు. పీర్ రివ్యూ పాసవకుండా ప్రొడక్షన్‌కి వెళ్లనన్నాడన్నమాట. ఇంకా గమ్మత్తు ఏమిటంటే, రెండు క్లాసులూ చేతిలోకొచ్చి, ఏదైనా వాడుకునే హక్కు సంపాదించాక తాటక మీదికి ఆయన స్వయంగా వెళ్లలేదు. దశరథుడి కొలువుకి వెళ్లి పదహారేళ్లు నిండని కుర్రాణ్ణి అడిగి తెచ్చుకున్నాడు. దివ్యాస్త్రాలన్నీ ఆ కుర్రాడికి ధారపోశాడు. ఈ కారిడార్‌లో జూనియర్‌కి ప్రొడక్షన్ పాస్‌వర్డ్ కూడా చెప్పని సీనియర్లకు ఇది పురాణంలా అనిపిస్తే తప్పు వాళ్లది కాదు, పురాణమే మరి.

ఇదే కథ మన బల్ల మీద జరిగితే మూడు సెషన్లలో ముగిసేది. “అన్నా, తపస్సు డౌన్‌టైమ్‌లో చేసేశా. అస్త్రాలు ఉంచుకుంటా. కోపం వస్తే అడ్వాంటేజ్ ఇవ్వు.”

కర్ణుడిది ఇంకో కేసు. గుణాల్లో ఏ లోటూ లేనివాడు, లోటల్లా అర్హత కాలమ్‌లో. బ్రాహ్మణుణ్ణని చెప్పి పరశురాముడి దగ్గర చేరాడు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఆలస్యంగా, ఒక పురుగు తొడ తొలిచిన రోజున జరిగింది. సరిగ్గా అవసరమైన క్షణంలో నేర్చింది మరచిపోతావని శాపం. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ మూడేళ్ల అనుభవాన్ని మూడు వారాల్లో తయారుచేసి ఇచ్చే వ్యాపారం తెలిసినవాళ్లకి ఈ శాపం కొత్తేమీ కాదు, ప్రాజెక్టులో చేరిన రెండో రోజే ఫలిస్తుంది. అయితే ఒక మాట. కర్ణుడి అబద్ధం వెనక ఒక అన్యాయమైన రూలుంది. మైత్రీవనం అబద్ధం వెనకా ఉంది. ఫ్రెషర్లు కావాలి, అనుభవం మూడేళ్లు తప్పనిసరి అన్న ప్రకటన ఎవరు రాశారు?

1978 పుస్తకంలోనే ఎల్ఫ్ లాంటి జాతులకి ఇంకో దారి ఉంది. ఫైటర్, మ్యాజిక్ యూజర్, దొంగ మూడూ ఒకేసారి నడపొచ్చు. కాకపోతే సంపాదించిన అనుభవం మూడు వాటాలు పడుతుంది. ఒక క్లాసులో ఎదుగుదల హద్దు తాకి ఆగిపోయినా ఆ వాటా దానికే పోతూ ఉంటుంది, బూడిదలో పోసినట్టు. మన సభ్యులు ఇది చదివి ఎంత అన్యాయం అని గుండెలు బాదుకున్నారు. సోమవారం పొద్దున వాళ్ల సీటు దగ్గరికి వెళ్లి చూడండి. పొద్దున కోడు, మధ్యాహ్నం టెస్టింగ్, రాత్రి క్లయింటు మేలుకునే వేళకి ప్రొడక్షన్ సపోర్టు. అప్రైజల్ రోజున మేనేజరు ఆప్యాయంగా చెబుతాడు: “మీకు బ్రెడ్త్ ఉంది, డెప్త్ లేదు.” అనుభవం మూడు వాటాలైంది, మూడింట్లోనూ లెవెల్ పెరగలేదు. గైగాక్స్ కనీసం ఆ సంగతి ముందే పుస్తకంలో అచ్చేశాడు.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ తలుపులు బార్లా తెరిచింది. ఎవరు ఏ క్లాసైనా కలుపుకోవచ్చు. లెవెళ్లు మరీ ఎగుడుదిగుడుగా ఉంటే అనుభవంలో 20 శాతం కోత అని ఒక గడియ పెట్టారు గానీ ఆ గడియ ఊడదీయని బల్ల అరుదు. 2004లో ‘అన్ఎర్త్‌డ్ ఆర్కానా’ అనే పుస్తకం ఇంకో మెట్టు ఎక్కి గెస్టాల్ట్ పద్ధతి ఇచ్చింది. ప్రతి లెవెల్‌కీ రెండు క్లాసులు, రెండింట్లో ఏది మెరుగైతే అది మీదే. ఆడేవాళ్లు తక్కువైన బల్లకి పనికొచ్చే ఉపాయం అది. దాన్ని మన హెచ్‌ఆర్ వాళ్లు ఎక్కడ చదివారో తెలీదు గానీ ‘ఫుల్‌స్టాక్ డెవలపర్’ అనే ప్రకటన అచ్చం గెస్టాల్టే. ఫ్రంటెండ్ నుంచి మెరుగైనది, బ్యాకెండ్ నుంచి మెరుగైనది, డేటాబేస్, క్లౌడ్, కాస్త డెవాప్స్, క్లయింటుతో చిరునవ్వు. జీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం గెస్టాల్ట్ తిరగబడుతుంది. రెండింట్లో ఏది తక్కువైతే అది.

అన్ని కలుపుళ్లలోకీ ఈ కారిడార్‌కి అచ్చొచ్చినది కాఫీలాక్. వార్లాక్‌కి గంటసేపు కూర్చుంటే మంత్రశక్తి తిరిగొస్తుంది. పుట్టుకతోనే మంత్రం అబ్బిన సోర్సరర్‌కి ఆ శక్తిని పాయింట్లుగా, పాయింట్లను మళ్లీ శక్తిగా మార్చే కిటుకు ఉంది. రెండూ కలిపి, నిద్ర మానేసి, గంటకోసారి కూర్చుని లేస్తూ ఉంటే మంత్రాలు పోగుపడుతూనే ఉంటాయి. నిద్ర అవసరం లేని వీరుడు. మైండ్‌స్పేస్ దగ్గర తెల్లవారుజామున మూడింటికి చాయ్ బండి చుట్టూ చూస్తే ఈ క్లాసువాళ్లు మెడలో ట్యాగుతో గుంపుగా కనిపిస్తారు. ఆట నడిపేవాళ్లకి కొంత సిగ్గుంది. 2017 పుస్తకంలోనే, 24 గంటలు పెద్ద విశ్రాంతి లేకుండా గడిపితే పాచిక వేయాలి, తప్పితే నీరసం ఒక మెట్టు ఎక్కుతుందని ఒక రూలు చేర్చారు. కంపెనీల పుస్తకంలో ఆ పేజీ ఇంకా అచ్చవలేదు. ఎదురుగా అచ్చయినవి వేరే. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువతకి వారానికి 70 గంటల పని హితవు చెప్పారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల దాకా వెళ్లి, మీచేత ఆదివారం కూడా పని చేయించలేకపోతున్నానే అని బాధపడ్డ వీడియో దేశమంతా చూసింది. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి చేతుల మీదుగా మొదలైన సైబర్ టవర్స్ కట్టింది ఆ ఎల్ అండ్ టీయే. 70 తర్వాత 90. ఎడిషన్ ఎడిషన్‌కీ అంకెలు ఇలా ఉబ్బడాన్ని బల్ల దగ్గర పవర్ క్రీప్ అంటారు.

క్లాసులు కలుపుకునే హక్కు ఎవరిదో 2022లో తేలిపోయింది. ఆగస్టులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ ఐటీలో రెండో కొలువు చేయడం మోసమని ఒక ట్వీట్‌లో తేల్చేశారు. సెప్టెంబరులో, పోటీ సంస్థలకి పనిచేస్తూ దొరికిన 300 మందిని తీసేశామని చెప్పారు. అదే ఆగస్టులో స్విగ్గీ, షరతులకు లోబడి రెండో పని చేసుకోవచ్చని తన ఇంటి రూలు రాసుకుంది. ఇన్ఫోసిస్ సెప్టెంబరులో రెండు జీవితాలు కుదరవని హెచ్చరించి, అక్టోబరుకల్లా ముందుగా అనుమతి తీసుకుంటే బయటి పనులు చేసుకోవచ్చంటూ సర్దుకుంది. మూడు సంస్థలు, మూడు ఇంటి రూళ్లు. కంపెనీ మూడు క్లాసుల్ని ఒక మనిషిలో కుక్కితే దాని పేరు ఓనర్‌షిప్. ఆ మనిషి తన ఆదివారంలో రెండో క్లాసు కలుపుకుంటే దాని పేరు మోసం.

ఇంత బాధపడ్డవాడు శనివారం బల్ల దగ్గర ఏం చేస్తున్నాడన్నది నా కోపం. వారమంతా పడ్డదానికి కసి తీర్చుకుంటున్నాడు పాపం అని జాలిపడేవాళ్లున్నారు. నేను పడను. ఆ పద్నాలుగు పేజీల సవరణ అమలయ్యాక బల్ల చివర కూర్చున్న పిల్లను చూడండి. ఆ అమ్మాయిది ఉత్త రోగ్. ఏ కలుపుడూ లేదు, తాళాలు తీస్తుంది, గోడ ఎక్కుతుంది, అంతే. గుహలో మొదటి తాళం ఎదురైంది. ఆమె పాచిక చేతిలోకి తీసుకునేలోగా మన పాలడిన్-వార్లాక్-బార్డ్ ఒక మంత్రంతో తాళం తీసేశాడు. రెండో గదిలో గోడ. అతనే ఎక్కేశాడు. మూడో గదిలో రాక్షసుడితో చర్చలు. చర్చలూ అతనివే. ఆమె ఫోన్ తీసింది. ఆ పై వారం “నాకు డిప్లాయ్‌మెంట్ ఉంది” అని గ్రూపులో మెసేజ్ పెట్టింది. ఆ తర్వాతి వారం ఫైటర్‌కి కూడా డిప్లాయ్‌మెంట్ వచ్చింది. ముగ్గురి పని ఒకడు చేస్తే మిగిలిన ఇద్దరూ ఇంటికి పోతారని ఈ కారిడార్‌లో మెడలో ట్యాగ్ వేసుకున్న ఎవడికి తెలీదు? తెలిసీ, ఎవరూ బలవంతపెట్టకపోయినా, ఆటలో కూడా లేఆఫ్ లెటర్ డ్రాఫ్ట్ చేసి ‘హోమ్‌బ్రూ వెర్షన్ 3’ అని పేరుపెట్టాడు. మేనేజరు మీద కోపం మేనేజరు పద్ధతి మీద ఎన్నడూ లేదని దీంతో రుజువైంది.

మూడు పాత్రలు ఒక్కడే వేసి మెప్పించినవాళ్లు లేరా అంటారా? ఉన్నారు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్టీ రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తనే వేసి, దర్శకత్వమూ నిర్మాణమూ కూడా నెత్తికెత్తుకున్నారు. అది మినహాయింపు. 17 కాదు, ఆ గుణం ముందు ఎంత అంకె వేసినా చెల్లుతుంది. పైగా భీముడి వేషం ఇంకొకరికే ఇచ్చారని మనవి.

ఇక ఈ గొడవంతటిలో అందరికన్నా ఎక్కువ క్లాసులు కలిపి మోస్తున్నవాడు ఒకడున్నాడు, వాడి లెక్క ఎవరూ వేయరు. డీఎం కథ రాస్తాడు, మ్యాపు గీస్తాడు, యాభై మంది గొంతులు మారుస్తాడు, సవరణలు రివ్యూ చేస్తాడు, క్యాలెండర్లు కలుపుతాడు, షవర్మా ఆర్డర్ పెడతాడు, డబ్బులు వసూలు కాకపోతే మింగుతాడు. రాక్షసుడు చస్తే అనుభవం బల్ల చుట్టూ పంచేది వాడే. వాడికి మాత్రం ఏ ఎడిషన్లోనూ వాటా లేదు. మొన్నామధ్య అలాంటి డీఎం ఒకాయన ఓపిక అయిపోయి గ్రూపులో రాశాడట: ఈ శనివారం నేనూ ఒక ఫైటర్ తీసుకుని ఊరికే ఆడతాను, మీలో ఎవరైనా కథ నడపండి. నీలం టిక్కులన్నీ వరసగా పడ్డాయి. రెండు గంటలు ఎవరూ నోరు మెదపలేదు. చివరికి మన పాలడిన్ టైప్ చేయడం మొదలుపెట్టాడు.

“అన్నా, డీఎం ప్లస్ ఫైటర్ మల్టీక్లాస్ చేస్కో. రూల్ నేను రాస్తా.”